అద్దె కట్టని తుప్పు గారికి

మహారాజశ్రీ తుప్పు గారికి,

మారుతీ 800 యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు కులాసాగా ఉన్నారని వేరే చెప్పనక్కర్లేదు, డ్రైవరు సీటు కింద నుంచి రోడ్డు కనబడుతూనే ఉంది.

మనవాళ్ళకి కోపం వస్తే "నీ తుప్పు వదలగొడతా" అంటారు. ఆ మాట పుట్టించినవాడు కారు తలుపు కింద బోర్లా పడుకుని, చేతిలో ఎమెరీ కాగితంతో ఒక్క ఆదివారమైనా గడిపి ఉండడు. బండి బాగుచేయించిన ఈ ఏడు నెలల్లో ఎవరి తుప్పు వదిలిందో మా ఆవిడని అడగండి, లెక్కలతో సహా చెబుతుంది.

మీరు మా ఇంట్లో ఏ రోజున దిగారో తెలీదు. బండి మాత్రం 1996 నవంబరులో వచ్చింది. తెల్లది, ఏపీ 31 నంబరు. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, చోక్ లాగితే గాని పొద్దున్నే నిద్ర లేవని కార్బొరేటరు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి మొట్టమొదటి మారుతీ తాళాలు అందుకున్నాడు. పేపర్లో ఆ ఫొటో చూసిన మా నాన్నగారు ఆ రోజే డబ్బు దాచడం మొదలెట్టారట. ఆయనకి పదమూడేళ్ళు పట్టింది. మీకు రేకు తినడానికి అంతకంటే తక్కువే పట్టిందని నా అనుమానం.

నాన్నగారు పోయాక బండిని అమ్ముదామంటే అమ్మ ఒప్పుకోలేదు. మేముండేది విశాఖ లాసన్స్ బే కాలనీ. రాత్రి కిటికీ తెరిస్తే సముద్రం హోరు వినిపిస్తుంది, పొద్దున్న అద్దం మీద వేలు పెట్టి నాకితే ఉప్పగా ఉంటుంది. ఇనుము, తడి, గాలిలో ఆక్సిజన్ ఉంటే చాలు, మీరు పుడతారు. ఆ తడిలో ఉప్పు కలిసిందా, మీరు పట్టేటప్పుడు ఇనుములో పుట్టే సన్నటి కరెంటు సాఫీగా పారి మీ పని చకచకా సాగుతుంది. అటు గాజువాక వైపు ఏడాదికి 73 లక్షల టన్నుల ఉక్కు తీయగల ఫ్యాక్టరీ, ఇటు బీచ్ వైపు మీరు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం రోడ్డెక్కితే, ఆ హక్కుదారుల జాబితాలో మీ పేరు కూడా రాసేసుకున్నట్టున్నారు.

అయితే న్యాయంగా మాట్లాడుకోవాలి. పిలవని పేరంటానికి వచ్చారని మిమ్మల్ని అనలేను. పీట వేసి కూర్చోబెట్టింది మేమే.

ప్రతి తలుపు కింద అంచులో చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అద్దం మీద పడ్డ వాన రబ్బరు బీడింగు సందులోంచి తలుపు లోపలికి దిగుతుంది, ఆ రంధ్రాల్లోంచి కిందకి కారిపోతుంది. కంపెనీ వాళ్ళు కావాలని పెట్టిన దారి అది. ఒక వానాకాలం తలుపు కింద చుక్కలు పడటం నాన్నగారి కంట పడింది. "కొత్త బండి కారుతోందేమిట్రా" అని, ఎంసీల్ రెండు రంగుల ముద్దలూ గోధుమపిండిలా కలిపి, నాలుగు తలుపులకీ రంధ్రాలన్నీ ఆయనే స్వయంగా మూశారు. నున్నగా, వేలి ముద్ర కూడా కనబడకుండా. ఆ సాయంత్రం నుంచి మా బండికి నాలుగు తలుపులూ నాలుగు చెరువులూ. తమరు ఈత నేర్చుకున్నది అక్కడే కదా?

ఇక ఆదివారం స్నానాలు. బకెట్లతో బయటా లోపలా కడిగి, తడి ఆరకుండానే రబ్బరు మ్యాట్లు పరిచేసేవాళ్ళం. వాటి కింద ఉన్న ఫెల్టు ఆ నీళ్ళని నెలల తరబడి దాచి పెట్టి మీకు కొంచెం కొంచెంగా వడ్డించింది. పైన ప్లాస్టిక్ కవరు ఒకటి. ఎండ తగలకుండా అని మేం కప్పాం. చెమ్మ బయటకి పోకుండా, ఎవరి కళ్ళూ పడకుండా మీరు పని చేసుకున్నారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ కవరు ఎగిరిపోయి బాదం చెట్టుకి చిక్కుకుంది. అది ఎగిరిపోయినందుకు దణ్ణం పెట్టాలని తెలియక, ఆ వారమే కొత్తది కొన్నాను.

అన్నిటికంటే పెద్ద మర్యాద 2009లో జరిగింది. చెల్లి పెళ్ళి. పెళ్ళివారిని స్టేషన్ నుంచి తేవాలి, బండి చూస్తే తలుపుల కింది రన్నింగ్ బోర్డు పొడుగునా బొబ్బలు. (తిన్న ఇనుము కంటే మీరు ఎక్కువ చోటు ఆక్రమిస్తారట. అందుకే రంగు కింద ఉబ్బుతారు. ఇంత తిండి తిని ఒళ్ళు చేయడం ఎవరి ఇంట్లో అయినా సహజమే.) బొబ్బలు గీకి, లప్పం పెట్టించి, పైన రంగు కొట్టించాం. అద్దంలా మెరిసింది. వియ్యంకుడు గారు "బండి భలే ఉంచారండీ" అన్నారు. నాన్నగారు ఆ మాట పోయేదాకా చెప్పుకున్నారు.

మీ బండారం బయటపడింది 2021 నవంబరులో. ఆర్సీ గడువు అయిపోయింది, రెన్యువల్‌కి వెళ్ళాలి. పాత బండి కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడాలని, రేకు ఉంటే అతుక్కుంటుంది, లప్పం ఉంటే జారుతుంది అని ఎక్కడో విన్నాను. ఫ్రిజ్ తలుపు మీద సింహాద్రి అప్పన్న బొమ్మ ఉన్న అయస్కాంతం ఉంటే తెచ్చి బండి మీద పెట్టాను. బానెట్ మీద ఠక్కున అతుక్కుంది. ముందు తలుపు పైభాగంలో అతుక్కుంది. కిందకి జరుపుతూ వస్తే, హ్యాండిల్‌కి జానెడు కింద స్వామివారు జారి నా కాలి మీద పడ్డారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడ్డారు. రన్నింగ్ బోర్డు మొత్తం మీద ఆయన నిలబడిన చోటు ఒక్కటీ లేదు. లెంపలేసుకుని, స్క్రూడ్రైవరుతో పొడిచాను. పిడి దాకా దిగింది. అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికొకసారి, చందనం ఒలిచినప్పుడు. మా బండికి లప్పం ఒలవడానికి పన్నెండేళ్ళు పట్టింది.

బడ్జెట్టు నలభై వేలు. పని ఇంటి దగ్గరే, వరండా పక్కన. నాకు తెలిసింది నట్లు విప్పడం ఒక్కటే, వెల్డింగుకి గాజువాక ఆటోనగర్ నుంచి ఒక పెద్ద టింకరు మేస్త్రీని మాట్లాడుకున్నాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాబుగారూ, దీన్ని బండి అనకండి, జల్లెడ అనండి" అన్నాడు.

నట్లు విప్పడం అంటే తేలిక అనుకున్నాను. మీరు ఒక్కో నట్టుకీ మూడుముళ్ళు వేసి కూర్చున్నారు. సీటు బోల్టులు నాలుగింటిలో రెండు విరిగాయి. తీసినవాటికి పట్టిన మిమ్మల్ని ఎలా వదిలించాలా అని చూస్తుంటే అమ్మ, "ఇత్తడి గంగాళం చింతపండుతో మెరవడం లేదూ?" అంది. నిజమే, పులుపు మీకు పడదు. రాత్రంతా చింతపండు రసంలో నానబెట్టాను, పొద్దున్న తళతళలాడాయి. సాయంత్రానికి మళ్ళీ నారింజ రంగు తిరిగాయి. కారణం రెండు రోజులకి తేలింది. గంగాళం తోమేటప్పటి అలవాటు కొద్దీ అమ్మ అందులో గుప్పెడు కల్లుప్పు వేసింది.

ఎడం పక్క రన్నింగ్ బోర్డు కోస్తుంటే డొల్ల లోపల నుంచి ఒక పావలా దొర్లింది. ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు పావలా. ఎన్నేళ్ళు మీ ఒళ్ళో పడుకుందో, కొంగుతో తుడిస్తే కొత్తదానిలా ఉంది. ప్రభుత్వం దాన్ని 2011లో రద్దు చేసింది గాని మీ వల్ల కాలేదు. ఏం చేస్తాం, నాన్నగారి స్తోమతుకి స్టెయిన్‌లెస్ స్టీలు పావలా వరకే వచ్చింది.

కొత్త ఫ్లోరు రేకు కోసం బెజవాడ ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ దొరకనిది లేదంటారు, దొరికింది. తెల్లారి రత్నాచల్‌లో దాన్ని కాళ్ళ మధ్య నిలబెట్టుకుని వస్తుంటే ఎదురుగా కూర్చున్నాయన తుని దాకా ఓపిక పట్టి, "ఇడ్లీ రేకా అండీ?" అని అడిగాడు.

వెల్డింగు రోజు గురించి మీకు చెప్పాలి. పెట్రోలు ట్యాంకు ముందే దింపి దూరంగా పెట్టాం, కాబట్టే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. కానీ గేరు పక్కన పాత ఫెల్టు ముక్క ఒకటి మర్చిపోయాం. నిప్పురవ్వ పడి పొగ లేచింది. ఇసుక బకెట్టు పెట్టుకోమని మేస్త్రీ ముందురోజే చెప్పాడు, నేను తలూపాను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి చేతికందిన బకెట్టు కుమ్మరించింది. అవి మొక్కలకి ఉంచిన బియ్యం కడిగిన నీళ్ళు. మీ కోసం అంత కష్టపడి వేసిన కొత్త రేకు మీద, ఇంకా రంగు కూడా పడకముందే, తెల్లగా పాలు పొంగించినట్టు పారాయి. మేస్త్రీ మాస్కు ఎత్తి చూసి, "గృహప్రవేశం అయిపోయిందమ్మా, ఇక తుప్పు గారు దిగొచ్చు" అన్నాడు.

ఆ రాత్రి హెయిర్ డ్రయ్యరుతో రేకు ఆరబెట్టాను. దాని బాపతు గొడవ వేరే.

మీరంటే జగత్తంతా జంకుతుందని గర్వపడకండి. ఢిల్లీ మెహ్రౌలీలో గుప్తుల కాలం నాటి ఇనుప స్తంభం ఉంది, ఏడు మీటర్ల పైచిలుకు. 1,600 ఏళ్ళుగా వానా ఎండా తింటూ నిలబడింది, మీ పప్పులు అక్కడ పెద్దగా ఉడకలేదు. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ కావడం వల్ల పైన పల్చటి పొర కట్టి కాపాడుతోందని ఐఐటీ కాన్పూర్‌లో బాలసుబ్రమణ్యం గారు పరిశోధించి చెప్పారు. అదే ఫాస్ఫరస్ ఇప్పుడు ఫాస్ఫారిక్ ఆమ్లంగా సీసాలో, నాలుగు వందలకి మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. గీకగా మిగిలిన మీ మీద బ్రష్షుతో రాస్తే గంటల్లో నల్లగా మారారు. ఆ పైన రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, ఆ పైన అండర్ కోటింగు.

మా బావమరిదిని కూడా మీ పద్దులోనే రాయాలి. బండి బాగవుతోందని తెలిసిన దగ్గర్నుంచి రోజుకో సలహా. అల్లాయ్ వీల్స్, స్పాయిలరు, ఎర్ర సీటు కవర్లు. పన్నెండంగుళాల చక్రం మీద స్పాయిలరు పెట్టుకుని నేను ఎవర్ని దాటాలి? పాలవాడినా? అయితే హెడ్‌లైట్ల విషయంలో మాత్రం లొంగిపోయాను. గుడ్డి దీపాల్లా వెలుగుతున్నాయి, ఎల్‌ఈడీ వేస్తే పగలైపోతుందన్నాడు. పద్ధెనిమిది వందలు పోసి వేశాం. గుడ్డి దీపాలు కాస్తా తెల్లటి గుడ్డి దీపాలయ్యాయి. మీటరు పెట్టి వైరు వెంట వెళితే చివరికి కరెంటు బండి బాడీలోకి తిరిగి వెళ్ళే ఎర్త్ బోల్టు దగ్గర మీరు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. గీకి, ఎనిమిది రూపాయల రింగు టెర్మినల్ వేసి, రెండు రిలేలు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లాగితే పాత హాలోజన్ బల్బులే ఎదుటింటి గోడ మీద నోటీసు చదివించాయి. కొత్త బ్లూటూత్ స్టీరియో బరబరా కూడా దాంతోనే పోయింది. మీరు వైరింగు లోపాల వేషం కూడా వేస్తారని అప్పుడే తెలిసింది.

లెక్క చూస్తే అరవై మూడు వేలు. మీ వల్ల ఆలస్యమైన ఖరీదు అందులో ఒకటి. 2022 మార్చి లోపు వెళ్ళి ఉంటే ఆర్సీ రెన్యువల్‌కి 600 కట్టేవాణ్ణి. ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు, ఆలస్య రుసుము వేరే. నేను వెళ్ళింది జూన్‌లో. వింటేజ్ బండిగా రాయించుకుందామా అంటే యాభై ఏళ్ళు నిండాలట. మా బండికి 2046లో నిండుతాయి. అప్పటిదాకా అది ఉద్యోగానికి ముసలిది, పెన్షనుకి పసిది.

కాబట్టి ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, తమరు ఖాళీ చేసిన చోటు ఖాళీగానే ఉంచవలెను. పావలా బండి యాష్‌ట్రేలో పెట్టాను, అడ్వాన్సు వాపసు కావాలంటే అదే తీసుకోండి.

ఇట్లు,
ఏపీ 31 యజమాని

తా.క. నిన్న సాయంత్రం వాన వెలిశాక వెళ్ళి నాలుగు తలుపుల కింద వేలు పెట్టి చూశాను. ఎంసీల్ ఒలిచిన అన్ని రంధ్రాల్లోంచీ నీళ్ళు చక్కగా కారుతున్నాయి. అక్కడే గొంతుక్కూర్చుని మురిసిపోతుంటే వరండాలోంచి అమ్మ కేక వేసింది. "ఇంత డబ్బు పోశావు, మళ్ళీ కారుతోందిరా నాన్నా. లోపల గూట్లో మీ నాన్న కొన్న ఎంసీల్ ఉండాలి, తెమ్మంటావా?"