ఆస్తి లేని పునరుజ్జీవనం

మాడ్రిడ్‌లోని థిస్సెన్ మ్యూజియంలో పదిహేనో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు గిర్లాందాయో వేసిన ఒక యువతి చిత్రం ఉంది. ఆమె పేరు జొవన్నా. ఫ్లోరెన్స్‌లో అల్బిజ్జి వారి ఆడపడుచు, తోర్నబువోని వారి కోడలు. పక్కకు తిరిగి నిటారుగా ఉంటుంది. ఒంటిమీద జరీ బట్ట, మెడలో పతకం, వెనక గూట్లో పగడాల దండ, ప్రార్థన పుస్తకం. దగ్గరగా చూస్తే భుజం దగ్గర ‘ఎల్’ అనే అక్షరం కనిపిస్తుంది. అది ఆమె పేరులోది కాదు, భర్త లొరెంజో పేరులోది. 1486లో పెళ్లయింది. 1488లో మళ్లీ కడుపుతో ఉండగా చనిపోయింది. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు.

ఐరోపా పునరుజ్జీవన యుగం (రినైసాన్స్) అనగానే మనకు లియొనార్డో, మైకెలాంజెలో, మనిషికి మళ్లీ దొరికిన గౌరవం గుర్తొస్తాయి. ఆ గౌరవంలో ఆడమనిషికి వాటా ఉందా అని చరిత్రకారిణి జోన్ కెల్లీ 1977లోనే సూటిగా అడిగింది. లేదన్నది ఆమె జవాబు. నా జవాబూ అదే. కాకపోతే దాన్ని నేను బొమ్మల్లోనో కవిత్వంలోనో వెతకను, జమాఖర్చుల పుస్తకంలో వెతుకుతాను.

1425లో, ఫ్లోరెన్స్ పెద్ద చర్చి మీద బ్రూనెల్లెస్కీ కడుతున్న గుమ్మటం ఇంకా లేస్తుండగానే, ఫ్లోరెన్స్ ప్రభుత్వం ‘మోంతె దెల్లె దోతి’ అని ఒక నిధి పెట్టింది. అంటే కట్నాల నిధి. మిలాన్‌తో యుద్ధం వల్ల ఖజానా అప్పుల్లో ఉంది. తండ్రి పసిపిల్ల పేరున డబ్బు కడతాడు, ఏడున్నరేళ్లకో పదిహేనేళ్లకో అది ఎన్నో రెట్లవుతుంది. ఈలోగా ఆ డబ్బు ప్రభుత్వం వాడుకుంటుంది. పెళ్లయి కాపురం మొదలయ్యాక సొమ్ము చేతికొస్తుంది. ఎవరి చేతికి? అల్లుడి చేతికి. మొదట్లో పిల్ల మధ్యలో చనిపోతే కట్టిందంతా ప్రభుత్వానిదే. అందుకే తండ్రులు పెద్దగా ముందుకు రాలేదు. 1433లో, పిల్ల పోయినా కట్టిన అసలు సొమ్ము తిరిగిచ్చేలా నిబంధన మార్చాకే జనం కదిలారు. పసిపిల్ల బతుకుతుందా, చస్తుందా అన్న లెక్క మీద ఒక నగరం తన యుద్ధం అప్పులు నడుపుకుంది. ఆ యుగం ఆడదాన్ని ఎలా చూసిందో చెప్పడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇది ఇళ్లల్లో ఎలా ఉండేదో ఫ్లోరెన్స్‌లోనే ఉన్న అలెస్సాంద్రా స్త్రోజ్జి ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది. భర్త పోయిన మనిషి, పిల్లల బరువంతా తన మీదే. 1447లో నేపుల్స్‌లో ఉన్న కొడుకు ఫిలిప్పోకి కూతురు కాతెరీనా పెళ్లి కబురు రాసింది. పిల్లకి పదహారేళ్లు. వరుడు పట్టు వ్యాపారి మార్కో పరెంతి. కట్నం వెయ్యి ఫ్లోరిన్లు, అంటే ఫ్లోరెన్స్ బంగారు నాణేలు. అందులో సగం నిధి నుంచి రావాలి. ఇంకా పెద్దింటికి ఇవ్వాలంటే పద్నాలుగు, పదిహేను వందలు అవుతుందట. పిల్లని చేసుకునేవాడికి డబ్బు కావాలి, కట్నం కోసం ఏళ్ల తరబడి ఆగేవాడు దొరకలేదు అని దాపరికం లేకుండా రాసింది. మన ఊళ్లో ఏ తల్లి నోటైనా రాగల మాటే అది. వరుడు పెట్టిన ఎర్ర మఖమల్ గౌను గురించి, ఈకలు, ముత్యాలు కూర్చిన తలదండ గురించీ మురిసిపోయింది. పిల్ల బయటికి అడుగుపెడితే ఒంటిమీద నాలుగు వందల ఫ్లోరిన్ల పైచిలుకు ఉంటుందట. ఆ సింగారమంతా చట్టం లెక్కలో భర్తదే. కొన్నేళ్లకు మార్కో వాటిని విప్పించి అమ్ముకున్నాడు.

కట్నం పుచ్చుకున్న కూతురికి తండ్రి ఆస్తిలో వాటా లేదు. కట్నమే ఆమె వాటా, అక్కడితో సరి. ఆడమనిషి ఒక ఒప్పందం చేసుకోవాలంటే పక్కన మగ సంరక్షకుడు ఉండి ఒప్పుకోవాలి. కట్నాలు పెరిగిపోతుంటే వెనిస్ సెనేట్ 1420లో 1,600 డ్యూకాట్లకు (వెనిస్ బంగారు నాణేలు) మించకూడదని కట్టడి పెట్టింది, అయినా అవి ఆగలేదు. దాంతో ఇద్దరు ముగ్గురు కూతుళ్లున్న ఇంట్లో ఒకరికి పెళ్లి, మిగతావాళ్లకి క్రైస్తవ సన్యాసినుల మఠం. మఠానికి ఇచ్చే కట్నం చాలా తక్కువ. ఆ కాలం చివరి అంచున గెలీలియో అంతటివాడు తన ఇద్దరు కూతుళ్లనీ పన్నెండు, పదమూడేళ్లకే ఆర్చెత్రి మఠంలో చేర్చాడు.

మాంతువా రాణివాసంలో ఇసబెల్లా దెస్తే లేదూ, కవయిత్రి విత్తోరియా కొలొన్నా లేదూ, వెరోనాలో లాటిన్ పండితురాలు ఇసొత్తా నొగరోలా లేదూ అని కొందరు అడుగుతారు. ఉన్నారు, వాళ్ల గొప్పతనం నేను కాదనను. కానీ ఇసొత్తా చదువుకుందన్న కక్షతో ఎవడో పేరు చెప్పుకోలేనివాడు ఆమె శీలం మీద నీచమైన రాతలు రాశాడు. కట్నం చట్టప్రకారం భార్యదే, భర్త పోతే తిరిగి వచ్చేది అని ఇంకో వాదన. వచ్చేది, నిజమే. వయసులో ఉన్న విధవను అన్నదమ్ములు ఆ కట్నంతో సహా వెనక్కి పిలిపించి ఇంకో పెళ్లి చేసేవారు. పిల్లలు మాత్రం తండ్రి వంశానివాళ్లు, అక్కడే ఉండిపోయేవారు. వదిలేసి వెళ్లిన కసాయి తల్లి అని నింద ఆమెకే.

ఇదంతా చదువుతుంటే నాకు ఫ్లోరెన్స్ కన్నా మన ఊరే గుర్తొస్తుంది. ‘కట్నం ఇచ్చి పంపాం కదా, ఇంకా వాటా ఏమిటి’ అన్న మాట ఇక్కడ ఇంకా చెల్లుతోంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమాన హక్కు ఇస్తూ దేశంలో అందరికన్నా ముందు దారి పట్టిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచే వర్తించింది. అప్పటికే పెళ్లయినవాళ్లకి మాత్రం ఆ హక్కు రాలేదు. 2005లో కేంద్ర సవరణతో ఆ అడ్డూ పోయింది. చట్టం ఇంత చేశాక కూడా అన్నదమ్ముల పేరున హక్కు వదులుకుంటున్నట్టు అక్కచెల్లెళ్లు రిలీజ్ డీడ్ మీద సంతకాలు పెడుతూనే ఉన్నారు.

మా మేనత్త పెట్టింది. తాతయ్య పోయిన ఏడాదికి, మా నాన్న పేరు మీదికి రెండెకరాలు మారడానికి. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో ఆమె పక్కన కూర్చున్నది నేనే. ఇష్టమేనా అత్తా అని అడిగాను. ‘పెట్టకపోతే రేపు ఏ ముఖం పెట్టుకుని పుట్టింటి గడప తొక్కనురా’ అంది. లోపలికి పిలిచారు. బొటనవేలికి అంటిన సిరాని గోడకి రుద్దుకుంటూ బయటికొచ్చింది. ఇంటికెళ్లాక అమ్మ బొట్టు పెట్టి, చీర పెట్టింది.