తీరం మీద పీహెచ్‌డీ: స్టైపెండ్ సరే, సీజన్ మాటేమిటి?

సముద్ర మట్టానికి పది మీటర్లలోపు ఎత్తున్న తీరాల్లో దాదాపు 68 కోట్ల మంది బతుకుతున్నారని 2019లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్కగట్టింది. వాతావరణ మార్పు వాళ్లనేం చేస్తోందో తేల్చే పీహెచ్‌డీలకు స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. వాటి కొలత మాత్రం చాలాచోట్ల ఒకటే: మూడేళ్లు, మహా అయితే నాలుగు, ఫీజు, నెలనెలా స్టైపెండ్. ల్యాబ్‌లో కూర్చుని చేసే పనికి ఇది సరిపోతుంది. తీరానికి సరిపోదు.

36 నెలలూ విడదీసి చూడండి. చదివి, ప్రశ్న బిగించుకునేసరికి ఆర్నెల్లు. ఎథిక్స్ కమిటీ ఆమోదం, పరిశోధన అనుమతి, వీసా సాఫీగా సాగితేనే ఇంకో నాలుగు నెలలు. చివరి ఏడాది రాతకే. మిగిలిన పద్నాలుగు నెలల్లో తుపాన్ల కాలం చాలా తీరాల్లో ఒక్కసారే వస్తుంది. ఒక సంతకం రెండు నెలలు ఆలస్యమైతే ఆ సీజన్ పోయినట్టే. మళ్లీ రావడానికి ఏడాది పడుతుంది, స్టైపెండ్ అప్పటిదాకా ఆగదు.

అందుకని చాలామంది వారం పది రోజుల పర్యటనలతో సర్దుకుంటారు. అసలు దెబ్బ ఇక్కడే. అష్టమి వారంలో వెళ్లారనుకోండి: పోటు తక్కువ, కాలువ గట్టు పొడిగా ఉంటుంది, నోట్‌బుక్‌లో ‘ముంపు లేదు’ అని పడుతుంది. మరో వారానికి అమావాస్య పోటు వస్తుంది. వాన చుక్క లేకుండానే అదే వీధిలో మురుగు కాలువ గుండా ఉప్పునీరు ఎదురెక్కి చీలమండల దాకా నిలుస్తుంది. పెద్ద పోట్ల మధ్య దూరం సుమారు 14.8 రోజులు. అలాంటి రెండు చక్రాలు చూడాలంటే విడతకు కనీసం 30 రోజులైనా అక్కడ ఉండాలి. దానిపైన చంద్రుడి కక్ష్యకు 18.6 ఏళ్ల చక్రం ఒకటుంది. పోటు ఎత్తు దాన్నిబట్టీ మారుతుంది. అది ఏ పీహెచ్‌డీలోనూ ఇమడదు, తీరంలో నీటిమట్టం కొలిచే పరికరాల (టైడ్ గేజ్) పాత రికార్డులే దిక్కు. 1933లో మొదలై ఇప్పుడు లివర్‌పూల్ నుంచి నడుస్తున్న సముద్ర మట్టం రికార్డుల భాండారం పీఎస్‌ఎంఎస్‌ఎల్ ఇచ్చేవి నెలవారీ, వార్షిక సగటులు. మట్టం పెరుగుదలకి అవి బాగా పనికొస్తాయి గానీ సగటులో పోటు కనబడదు. ముంపు లెక్కకు గంటగంట రీడింగులు కావాలి; హవాయి యూనివర్సిటీ సీ లెవెల్ సెంటర్‌లో దొరుకుతాయి.

ప్రతిపాదనలు బోల్తాపడేది ఎక్కువగా కారణం దగ్గరే. ముంపు మొత్తాన్నీ వాతావరణం ఖాతాలో రాసేస్తారు. 2006-2018 మధ్య ప్రపంచ సగటు మట్టం ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. భూగర్భ జలం తోడి తోడి ఇండోనేషియాలోని జకార్తాలో కొన్ని ప్రాంతాలు ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన కుంగాయి. నేల ఎంత దిగింది, ఎగువ డ్యాములు ఎంత ఒండ్రు ఆపాయి, పక్కనున్న హార్బర్ గోడ ఇసుకను ఎటు మళ్లించింది అన్నవి విడదీయని ప్రతిపాదనను సమీక్షకులు పక్కన పెడితే తప్పు వాళ్లది కాదు. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం అనే నేల ఎత్తుల మ్యాపు సంగతీ అంతే. 2000లో అంతరిక్షం నుంచి తీసిన ఆ రాడార్ డేటాలో ఇళ్ల కప్పులు, చెట్ల కొసలు కూడా నేలగా నమోదయ్యాయి. పొరపాటు మీటర్లలో ఉన్న మ్యాపు మీద అర మీటరు ముంపు గీయడం కట్టెల కాటాలో బంగారం తూచడమే.

అర్హత నిబంధన చిన్నదే, కొంప ముంచుతుంది. యూరోపియన్ యూనియన్ నిధులతో పీహెచ్‌డీలు చేయించే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లలో, చేరడానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి చేర్చుకునే సంస్థ ఉన్న దేశంలో గడిపినవాళ్లకు అవకాశం లేదు. ప్రతిపాదన ఎంత బాగున్నా సరే.

బడ్జెట్‌లో మరిచిపోయేది గంటలు. గంటన్నర చొప్పున 40 ఇంటర్వ్యూలంటే 60 గంటల రికార్డింగు. గంట మాటలు కాగితం మీదికి రావడానికి ఐదారు గంటలు పడుతుంది, అనువాదం అదనం. అంటే రెండు నెలల పూర్తిస్థాయి పని. దీనికి, పడవ అద్దెకు, దుబాసీ జీతానికి, వేట మానుకుని మాట్లాడిన మనిషికి ఇచ్చే పరిహారానికి స్టైపెండ్‌లోంచే తీయమనడం అన్యాయం. ఫీల్డ్‌వర్క్ నిధి విడిగా ఉందా, సీజన్ తప్పితే జీతంతో గడువు పెంచుతారా అని దరఖాస్తుకు ముందే రాతపూర్వకంగా అడగాలి. ఇంటర్వ్యూలు పడవ యజమానుల దగ్గరే ఆగిపోతే చేపలు ఎండబెట్టి అమ్మే ఆడవాళ్ల లెక్క పోతుంది. వాళ్ల గంటలూ బడ్జెట్‌లో ఉండాలి.

ఇంకో ప్రయాణానికి కూడా డబ్బు అడగండి, 30వ నెలలో. థీసిస్ అచ్చయ్యాక కాదు, రాత సగంలో ఉండగానే ముంపు మ్యాపును అక్కడివాళ్ల ముందు పరచాలి. ఏ కాలువ ఎప్పుడో పూడిపోయిందో, నీళ్లు నిజంగా ఏ మూల నుంచి వస్తాయో వాళ్లు వేలుపెట్టి చూపిస్తారు. అప్పటికి దిద్దుకోవడానికి ఆరు నెలలు మిగిలి ఉంటాయి.