బండ నేల బాకీ

హైదరాబాద్‌లో పునాది తవ్వితే తగిలే గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కెనడా భూభాగంలో దాదాపు సగం ఆక్రమించిన కెనడియన్ షీల్డ్ అనే పాత బండ నేలలోనూ చాలా శిలలు ఆ ఈడువే. వాయవ్యాన అకాస్టా నది దగ్గరి రాయి 400 కోట్ల ఏళ్లది. అయితే మన బండ ఎండకూ వానకూ చివికి చల్క నేలగా మారింది, జొన్ననూ కందినీ పండించింది. అక్కడి బండకు ఆ భాగ్యం దక్కలేదు. 20 వేల ఏళ్ల కిందట అక్కడి హడ్సన్ బే అనే అఖాతం చుట్టూ కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు కదులుతూ పైమట్టిని గీకి దక్షిణానికి నెట్టుకుపోయింది. గుంతలు పడ్డ చోటల్లా చెరువులు మిగిలాయి. మంచు కరిగి ఆ బరువు దిగిన నేల హడ్సన్ బే ఒడ్డున ఇప్పటికీ ఏడాదికి సెంటీమీటరు చొప్పున పైకి లేస్తూనే ఉంది.

మట్టి కప్పు లేని బండలో ఖనిజం తొందరగా కంటపడుతుంది. 1883లో రైలు మార్గం వేస్తుంటే ఒంటారియో రాష్ట్రంలోని సడ్‌బరీలో రాగి, నికెల్ బయటపడ్డాయి. ఉత్తరాన ఎల్లోనైఫ్‌లో బంగారం దొరికింది. 1991లో ఇంకా ఉత్తరాన వజ్రాలు దొరికాయి. సస్కాచెవాన్ రాష్ట్రంలో షీల్డ్ శిలకూ, దాని మీది ఇసుకరాతికీ నడుమ యురేనియం ఉంది. 2015లో కుదిరిన ఒప్పందంతో ఆ యురేనియం మన దేశానికీ వచ్చింది. ముడి యురేనియాన్ని రియాక్టర్ ఇంధనంగా మార్చేది హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయమే. కాబట్టి ఆ నేల గోడు మనకు సంబంధం లేనిదని అనుకోలేం.

మట్టి లేని నేలకు దెబ్బ తగిలితే మానడం కష్టం. గ్రానైట్‌లో సున్నం ఉండదు, ఆమ్లాన్ని విరిచే గుణం అంతకన్నా ఉండదు. సడ్‌బరీ కొలిమిల గంధకపు పొగకు అడవులు పోయాయి, బండలు నల్లబడ్డాయి, చెరువుల్లో చేపలు చచ్చిపోయాయి. 1972లో 381 మీటర్ల పొగగొట్టం కట్టారు. ఊరి గాలి కాస్త తేటపడింది, పొగ మాత్రం దూరాన ఉన్న చెరువుల మీద పడింది. 1978 నుంచి ఊరి జనం సున్నపురాతి పొడి చల్లుతూ మొక్కలు నాటుతున్నారు. అవి కోటి దాటాయి. చేతులెత్తి మొక్కదగిన శ్రమ అది. అయితే పాడుచేసిన దాన్ని బాగుచేయడానికి తరాలు పడుతుందన్న లెక్కా అందులోనే ఉంది.

ఎల్లోనైఫ్ దగ్గరి జెయింట్ గనిది ఇంకా ఘోరం. 1948 నుంచి 2004 దాకా అక్కడ బంగారం తీశారు. ఖనిజాన్ని కాల్చినప్పుడు వచ్చిన ఆర్సెనిక్ మంచు మీద పడింది. 1951లో ఆ విషానికి ఒక దెనె ఆదివాసీ పసిబిడ్డ ప్రాణం పోయింది. చివరకు 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ధూళి గని గర్భంలోనే ఉండిపోయింది. యాజమాన్యం 1999లో దివాలా తీస్తే బాధ్యత ప్రభుత్వం మీద పడింది. దాన్ని బయటికి తీసే దారి లేక, చుట్టూ బండను గడ్డకట్టించి, మెరుగైన దారి దొరికేదాకా గరిష్ఠంగా వందేళ్లు అలాగే ఉంచాలని నిర్ణయించారు. ఖర్చు 400 కోట్ల కెనడా డాలర్ల పైమాట. బంగారం లాభం కొందరిది, కాపలా మాత్రం పుట్టబోయే వాళ్లందరిది.

ఇప్పుడు ఉత్తర ఒంటారియోలో రింగ్ ఆఫ్ ఫైర్ అనే చోట క్రోమైట్ (క్రోమియం ముడి ఖనిజం), నికెల్ కోసం తొందర మొదలైంది. అవి ఉన్నది వేల ఏళ్లుగా కార్బన్‌ను పట్టి ఉంచిన పీట్ చిత్తడి, అంటే పూర్తిగా కుళ్లని మొక్కలు పేరుకున్న నేల కింద. 2025 జూన్‌లో ఒంటారియో శాసనసభ ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం చేసి, ఆ మండళ్లలో రాష్ట్ర నిబంధనలను పక్కనపెట్టే అధికారాన్ని ప్రభుత్వం చేతికిచ్చింది. ఆదివాసీలు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల వైపే న్యాయం ఉందని మేము నమ్ముతున్నాం. బ్యాటరీలకు, స్టీలుకు ఖనిజాలు కావాలి, కాదనం. తవ్వే ముందే ఆ ప్రజల సమ్మతి ఉండాలి. శుభ్రం చేసేందుకు అయ్యే సొమ్మంతా గని తెరవకముందే డిపాజిట్ చేయించాలి. దివాలా తీసిన కంపెనీ నుంచి ఎవరూ ఏమీ రాబట్టలేరని జెయింట్ తేల్చేసింది.

ఆ ఖనిజాలున్న ప్రాంతంలోనే నెస్కాంటగా అనే ఆదివాసీల ఊరు ఉంది. 1995 నుంచి అక్కడివాళ్లు కుళాయి నీళ్లు కాచుకోకుండా తాగలేని స్థితిలో ఉన్నారు. గనికి రోడ్డు వేయగలిగిన ప్రభుత్వం ముందు ఆ నీళ్ల సంగతి చూడాలి.