తాగినవాడు తప్ప అందరూ దోషులే

మందు కొట్టి బండి నడిపి మనుషుల్ని చంపినవాడికి ఈ దేశంలో తీరని అన్యాయం జరుగుతోంది. తెల్లారి పేపర్ తెరిచినవాళ్లందరూ ముందు అతణ్ణే తిడతారు. అతనికీ ఓ కుటుంబం ఉంటుందని, భవిష్యత్తు ఉంటుందని, నెలనెలా కట్టాల్సిన కారు లోను ఉంటుందని ఒక్కరికీ తోచదు. అతని తరఫున మాట్లాడే నాథుడే లేడు, వాయిదాకి లక్షలు తీసుకునే లాయర్లు తప్ప. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు డివైడర్ సంగతి తేలుద్దాం. రాత్రి రెండు గంటలప్పుడు రోడ్డు మధ్యలో దానికేం పని? కారు నూట ఇరవై మీద వస్తోందని కళ్లెదుట కనిపిస్తున్నా అంగుళం పక్కకి జరగదు. పోనీ నిలబడ్డదానివి గట్టిగానైనా నిలబడతావా అంటే అదీ లేదు. 2016 జులై 1న హైదరాబాద్ పంజాగుట్టలో తాగిన విద్యార్థుల కారు డివైడర్ దాటి అవతలి కారు మీద పడింది. పదేళ్ల పాపతో సహా ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు. అక్కడ డివైడర్ ఆపలేదు కాబట్టి దానిదే తప్పు, మరోచోట ఆపింది కాబట్టి దానిదే తప్పు.

తర్వాతి ముద్దాయి కుక్క. ఇలాంటి కేసుల్లో తరచుగా ఒక కుక్క అడ్డొస్తుంది. దాన్ని తప్పించబోయే మనవాడు స్టీరింగ్ తిప్పుతాడు. అంత జీవకారుణ్యం! ఆ కుక్క మళ్లీ ఏ సీసీ కెమెరాకీ చిక్కదు. ఢిల్లీలో అయితే కుక్క స్థాయి చాలదని లారీని దింపారు. 1999 జనవరి 10న లోధీ రోడ్డులో ఓ బీఎండబ్ల్యూ ఆరుగురిని చంపింది. వాళ్లలో ముగ్గురు పోలీసులే. గుద్దింది కారు కాదు, లారీ అన్నది డిఫెన్స్ వాదన. సుప్రీంకోర్టు ఆ లారీని నమ్మలేదు గానీ, 2012లో దయ తలిచింది. అప్పటికి అనుభవించిన జైలు చాలు, 50 లక్షలు కట్టి రెండేళ్లు సమాజసేవ చెయ్యమంది.

ఇక అసలు నేరస్తులు ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు. 2002లో ముంబై బాంద్రాలో ఓ పెద్ద సినిమా హీరో బండి బేకరీ ముందు పడుకున్నవాళ్ల మీదికి ఎక్కింది. ఒకరు చనిపోయారు. 2015లో కింది కోర్టు హీరోకి అయిదేళ్ల శిక్ష వేసినప్పుడు, రోడ్డు మీద పడుకుంటే కుక్కచావే చస్తారని ఒక గాయకుడు ట్వీట్ పెట్టాడు. తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి, కానీ మనసులో మాట అప్పటికే బయటపడింది. ఇల్లు లేకపోవడం ఎంత నిర్లక్ష్యమో ఆలోచించారా? కాస్త ముందుచూపు ఉండి, ఓ మూడు బెడ్‌రూముల ఫ్లాటు కొనుక్కుని ఉంటే వాళ్లకా గతి పట్టేదా?

మన దగ్గర అంత కఠినంగా అనం. మనది సంస్కారం. ‘పాపం, వాళ్లకి నూకలు చెల్లాయి’ అంటాం. ‘రాసిపెట్టి ఉంది, ఎవరేం చేస్తారు’ అంటాం. బ్రహ్మదేవుడు నుదుటి మీద తేదీ, సమయం, మెట్రో పిల్లర్ నంబరుతో సహా రాశాక మధ్యలో ఆరు పెగ్గులు వేసినవాడు వట్టి నిమిత్తమాత్రుడు. ఈ పని దేవుడిదే అయినప్పుడు పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ దేనికో నాకైతే అర్థం కాదు.

స్నేహితుల దగ్గరికి వద్దాం. చట్టంలో ఓ చిన్న వెసులుబాటు ఉంది. మనిషికి తెలియకుండానో, ఇష్టానికి విరుద్ధంగానో ఎవరైనా మత్తు ఎక్కిస్తే, ఆ మత్తులో ఒళ్లు తెలియక చేసిన పనికి అతణ్ణి నేరస్తుడనకూడదు. ఇది రాసినవాళ్లు తెలుగువాళ్ల దావత్ ఒక్కటీ చూసినట్టు లేదు. మనలో సొంత ఇష్టంతో తాగినవాడు ఎవడన్నా ఉన్నాడా? ‘వద్దురా, పొద్దున ఆఫీసుంది’ అని గ్లాసు మీద చెయ్యి అడ్డం పెడతాడు. ‘నా మీద ఒట్టు’ అంటాడు అవతలివాడు. వేళ్ల సందుల్లోంచి పోస్తాడు. ‘ఒక్కటే’ అని మొదలైంది ‘ఆఖరిది’ దగ్గరికి వస్తుంది. ఆఖరిదానికి మళ్లీ తోడు కావాలి. ఆ పోసినవాడే చివర్లో గేటు దాకా వచ్చి, కారు తలుపు తీసి కూర్చోబెట్టి, ‘జాగ్రత్తగా వెళ్లు బావా, ఇంటికెళ్లాక మెసేజ్ పెట్టు’ అంటాడు. ఇంత బలవంతం మీద తాగినవాణ్ణి ఏ న్యాయమూర్తి శిక్షిస్తాడు? క్యాబ్ ఎందుకు బుక్ చెయ్యలేదని అడిగే పెద్దమనుషులుంటారు. అయిదు వేల బిల్లు కట్టినవాణ్ణి మూడొందల క్యాబ్ అడగడం అవమానం కాదూ? పైగా ‘ఈ మాత్రానికే నేను డ్రైవింగ్ చెయ్యలేనా’ అనేది మగవాడి పరువుకి సంబంధించిన ప్రశ్న.

మరి ప్రభుత్వం? తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. వాటికి దరఖాస్తు పెట్టుకోవడానికే 2025లో మూడు లక్షలు కట్టాల్సి వచ్చింది. లాటరీలో షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అంత ఖర్చు పెట్టి షాపు తెచ్చుకున్నవాడి కష్టానికి ఫలితం దక్కాలా వద్దా? డిసెంబర్ 31 రాత్రి వైన్స్ పన్నెండింటి దాకా, బార్లు ఒంటిగంట దాకా తెరిచి ఉంచుకోవచ్చని ఒక శాఖ అంటుంది. ఒంటిగంట దాటాక బయటికొచ్చినవాడి నోట్లో ఇంకో శాఖ గొట్టం పెడుతుంది. చేటలో తవుడు పోసి కుక్కల్ని ఉసిగొల్పడం అంటే ఇదే.

హైవే పక్క మద్యం ఉండకూడదని, 500 మీటర్ల దూరం పాటించాలని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో చెప్పినప్పుడు కేరళలో ఒక బారు ఎంత గొప్పగా పాటించిందో గుర్తుందా? బారు ఉన్నచోటే ఉంది. ముందున్న ఖాళీ స్థలంలో వంకరటింకరగా గోడల దారి కట్టి నడక దూరం పెంచారు. లోపలికి వెళ్లేటప్పుడు సరే, తూలుతూ బయటికొచ్చేవాడు ఆ పద్మవ్యూహం దాటాడంటే లైసెన్స్ అక్కడికక్కడే ఇవ్వచ్చు.

ఇలా డివైడర్‌కి కొంత, కుక్కకి కొంత, బ్రహ్మకి కొంత, బావకి కొంత, సర్కారుకి కొంత అని అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచుకుంటూ వస్తే, చివరికి మనవాడి వాటాకి గట్టు కూడా మిగలదు.

శుక్రవారం రాత్రి చెకింగ్ దగ్గర నిలబడి చూస్తే ఆ అమాయకత్వం ఎలాంటిదో తెలుస్తుంది. బారికేడ్లు కనబడగానే వెనక సీట్లో తాగనివాడెవడో ముందుకి దూకుతాడు, ముందువాడు వెనక్కి జారతాడు. తాగనివాడు లేకపోతే బైక్ అక్కడే పడేసి సందులోకి పరుగు. దొరికినవాడు లవంగం నములుతుంటాడు. ‘ఊదు’ అంటే పీలుస్తాడు. 

‘ఊదమన్నది బయటికి.’

‘ఊదుతున్నా కదా సార్. రెండు బీర్లే సార్, మధ్యాహ్నం తాగినవి.’

మిషన్ మీద 142 వస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. ‘మిషన్ పాడైంది సార్’ అంటాడు. అంటే మిషన్‌కీ ఓ వాటా. అప్పుడు జేబులోంచి ఫోన్ తీసి ఎస్సై చేతికివ్వబోతాడు. ‘ఒక్కసారి అన్నతో మాట్లాడండి సార్.’ ఆ అన్న ఎవరో ఎప్పుడూ తెలియదు. కానీ ఈ రాష్ట్రంలో ప్రతి తాగుబోతుకీ ఒక అన్న ఉన్నాడు.

ఇలాంటివాళ్లని పట్టుకుని హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ ‘ఉగ్రవాదులు’ అన్నారు. నా మనసు చివుక్కుమంది. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర తాగి బైక్ నడిపినవాడు కిందపడి చనిపోయాడు, రోడ్డు మీద మిగిలిన ఆ బైక్‌ని ఈడ్చుకెళ్లిన ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ తర్వాత అన్న మాట అది. అయినా తొందరపాటే. ఉగ్రవాది ముందే ప్లాన్ వేసుకుంటాడు. మనవాడికి సాయంత్రం ఆరింటికి బారుకి వెళ్లాలని ప్లాన్ ఉంటుంది, కారులో వెళ్లాలని ప్లాన్ ఉంటుంది, అదే కారులో తిరిగి రావాలని కూడా ఉంటుంది. అంతకుమించి ఏ దురుద్దేశమూ లేదు.

మన చట్టాలు మాత్రం మొదట్నుంచీ అతణ్ణి అర్థం చేసుకున్నాయి. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే పాత ఐపీసీలో గరిష్ఠంగా రెండేళ్లు. 2024 జులై నుంచి వచ్చిన న్యాయసంహితలో అయిదేళ్లు. గుద్ది చెప్పకుండా పారిపోతే పదేళ్లని ఇంకో క్లాజు పెడితే, ఆ ఏడాది జనవరిలోనే లారీ డ్రైవర్లు సమ్మె చేశారు, కేంద్రం దాన్ని పక్కన పెట్టింది. ఆ సమ్మెలో పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు చూసి హైదరాబాద్‌లో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి భోజనం అందించాడు. ఆ రోజుల్లో నగరంలో నిఖార్సుగా స్పృహలో ఉన్న వాహనం అదొక్కటే అనుకుంటాను.

అందరికన్నా పుణె జువెనైల్ బోర్డు ఉదారంగా ఆలోచించింది. 2024 మే 19 తెల్లవారుజామున కల్యాణి నగర్‌లో పదిహేడేళ్ల కుర్రాడి పోర్షే కారు ఇద్దరు ఇంజనీర్లని చంపితే, గంటల్లోనే బెయిల్ ఇచ్చి, రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల్లో వ్యాసం రాయమంది. తలకి 150 మాటలు. జనం గోల చేశాక బెయిల్ షరతులు మారాయి గానీ, రేటు మాత్రం స్థిరపడిపోయింది. ఆ లెక్కన ఈ వ్యాసంతో నాకు అయిదారుగురి దాకా అడ్వాన్స్ జమ అయినట్టే. కామాలు కలపలేదు.

ఆ కేసులో రక్తనమూనా మార్చారని డాక్టర్ల మీద, నేరం మీదేసుకోమని ఇంటి డ్రైవర్‌ని ఒత్తిడి చేశారని కుటుంబం మీద పోలీసులు కేసులు పెట్టారు. డ్రైవర్ అన్న ఉద్యోగంలో ఇదొక చెప్పని బాధ్యత. బాంద్రా కేసులోనూ పన్నెండేళ్లు దాటాక, 2015లో, బండి నేనే నడిపానని ఇంటి డ్రైవర్ కోర్టుకొచ్చి చెప్పాడు. అదే ఏడాది డిసెంబర్‌లో హైకోర్టు, హీరో నడిపాడనీ తాగి ఉన్నాడనీ ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందని కేసు కొట్టేసింది.

ఇన్ని చోట్ల ఇంత సానుభూతి దొరికినా, మనవాణ్ణి ఇంకా వేధిస్తున్న సంస్థ ఒకటుంది. ఇన్సూరెన్స్ కంపెనీ. దానికి డివైడర్ కథ పట్టదు, కుక్క పట్టదు, బ్రహ్మ రాత అసలే పట్టదు. సొంత బండి రిపేరుకి డబ్బులు రావాలంటే నడిపినవాడు తాగి ఉండకూడదని పాలసీలోనే ఉంటుంది. క్లెయిమ్ ఫారంలో ‘ప్రమాద సమయంలో బండి నడిపినవారి పేరు’ అని ఒక గడి ఉంటుంది. బంపర్, బానెట్, రెండు హెడ్‌లైట్లు కలిపి ఎస్టిమేట్ నాలుగు లక్షలు దాటాక, ఆ గడి దగ్గర పెన్ను ఆపి డ్రైవర్‌ని పిలుస్తారు. ‘లైసెన్స్ రెన్యువల్ చేయించావా నువ్వు?’