వాన పడని ఊరిలో నీళ్ళు నిలవని కారు

కారును నడపడం వల్ల కారుకు కలిగే నష్టాన్ని గురించి మన సమాజం ఇంతవరకూ తగినంతగా ఆలోచించలేదని నా నమ్మకం. ఇంజను అరుగుదల సంగతి మెకానిక్కులు చెబుతారు, టైర్ల సంగతి టైర్ల అంగడివాళ్ళు చూసుకుంటారు. కానీ ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు లేచి, మూడు గంటలపాటు మోకాళ్ళ మీద కూర్చుని, మైనం పూసి, తుడిచి మెరిపించిన బానెట్టు సోమవారం ఉదయం క్లాక్ టవర్ దాటేలోగా ఏమవుతుందో అడిగే నాథుడు లేడు. అనంతపురంలో ఉంటూ, ఇంటి ముందరే, సొంత చేతులతో కారుకు మైనం పట్టించుకునే కొద్దిమంది తరఫున ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. కొద్దిమంది అంటే, మా వీధి వరకు, నేనొక్కడినే.

మైనం దేనికని మొదట అడిగింది మా అవ్వ. నీళ్ళు పడితే నిలవకుండా జారిపోవడానికని చెప్పాను. ఆమె ఒకసారి ఆకాశం వైపు చూసి, తరువాత నా వైపు చూసి, "ఏ నీళ్ళు నాయనా?" అంది. ప్రశ్న చిన్నదే కానీ భూగోళశాస్త్రమంతా ఆమె పక్షాన ఉంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే తమ సరుకంతా దించేసుకుని ఉత్త చేతులతో ఇటు వస్తాయి, తూర్పు సముద్రం నుంచి బయలుదేరినవి మన దాకా రాకముందే అలిసిపోతాయి. దేశంలో జైసల్మేర్ తరువాత అంత తక్కువ వాన మనకేనని బడిలో చదువుకుని, ఆ రెండో స్థానాన్ని తలుచుకుని ఎందుకో కాస్త గర్వపడిన తరం మాది. అటువంటి ఊరిలో వాననీరు జారిపోవడానికి డబ్బు పోసి డబ్బా కొనడం తెలివితక్కువ పని అని అవ్వ భావం. అయితే వాన మొదలయ్యాక గొడుగు కొనడానికి పోయేవాడు తడిసే పోతాడన్న సంగతి ఆమె గమనించలేదు. నేను వానకు ముందే సిద్ధంగా ఉన్నాను, అంతే. ఎంత ముందు అన్నది వాన చూసుకోవలసిన విషయం.

ఆ డబ్బాలోని మైనం పేరు కార్నౌబా. బ్రెజిల్ దేశపు ఈశాన్యంలో, పియాయీ, సియరా వంటి రాష్ట్రాలలో, మన సీమకు అన్నదమ్ముల వరస అయ్యే ఎండనేలల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి దానిని తీస్తారు. ఉన్న కొద్దిపాటి తడి ఆవిరైపోకుండా ఆ చెట్టు తన ఆకులకు తానే మైనం పూసుకుంటుంది. అక్కడి జనం ఆ ఆకులను కోసి, ఎండబెట్టి, దులిపి, రాలిన పొడిని కరిగించి అమ్ముతారు. అంటే, ఒక కరువు సీమలో ఒక చెట్టు నీళ్ళను లోపల దాచుకోవడానికి చేసుకున్న ఏర్పాటును ఇంకొక కరువు సీమలో ఒక మనిషి నీళ్ళను బయటికి తోలడానికి సముద్రాలు దాటించి తెప్పించుకుంటున్నాడన్నమాట. ఇందులో తప్పు పట్టవలసినది ఏముందో నాకు బోధపడదు. ఆ మైనం కరగాలంటే 80 డిగ్రీల పైబడిన వేడి కావాలని చెబుతారు. మే నెల మధ్యాహ్నం మా వీధిలో నిలబెట్టిన కారు బానెట్టు ఆ అంకెకు ఎంత దూరంలో ఉంటుందో ఒకసారి అరచేతితో కొలిచి చూశాను. ఇంకొకసారి కొలిచే ఉద్దేశం లేదు.

ఇక కడిగే పద్ధతి. తెలియనివాళ్ళు బకెట్టు నీళ్ళు, పాత బనీను తీసుకుని గుండ్రంగా రుద్దేస్తారు. బనీనుకు అంటుకున్న ఇసుక రేణువులు రంగు మీద సాలెగూడు వంటి గీతలు పెడతాయి, ఎండలో చూస్తే కనబడతాయి. తెలిసినవాళ్ళకు రెండు బకెట్లు ఉంటాయి. ఒకదానిలో షాంపూ నీళ్ళు, ఒకదానిలో మంచినీళ్ళు. మురికి పట్టిన గుడ్డను మంచినీళ్ళలో జాడించి పిండకుండా షాంపూలో ముంచరాదు. చక్రాలకు వాడిన గుడ్డ బానెట్టును తాకరాదు. మైక్రోఫైబర్ గుడ్డ చేయి జారి నేల మీద పడిందా, ఉతికేవరకు అది కారుకు పనికిరాదు. గిన్నెలు తోమే సబ్బు అసలే కూడదు, అది మురికితో పాటు మైనాన్ని కూడా ఊడ్చుకుపోతుంది. ఇవన్నీ చెబుతుంటే అవ్వ శ్రద్ధగా విని, "మా అత్త మడి ఇంతకన్నా నయం రా, ఆమె నడుమ నడుమ నవ్వేది" అంది.

నీళ్ళ విషయం కొంచెం సున్నితమైనది కనుక త్వరగా దాటేస్తాను. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. కారు మీద వాటిని ఆరనిస్తే తెల్లటి మచ్చలు మిగులుతాయి. అందువల్ల కడిగేది బోరు నీళ్ళతోనే అయినా, చివరి జాడింపుకు కొళాయి నీళ్ళు వాడతాను. కొళాయి నీళ్ళు తాగడానికి కదా అని మా ఆవిడ అడిగింది. ఆమె ప్రశ్నలోని న్యాయాన్ని నేను కాదనలేదు, బకెట్టు మాత్రం కిందికి దించలేదు.

కడిగిన కారు శుభ్రమైన కారు అనుకోవడం మొదటి మెట్టులోనే ఆగిపోయినవాళ్ళ భ్రమ. పలచటి ప్లాస్టిక్ సంచిలో చేయి పెట్టి, కడిగిన తలుపు మీద మెల్లగా నిమిరితే గరగరమని తగిలే రేణువులు ఇంకా ఉంటాయి. వాటిని తీయడానికి క్లే బార్ అనే బంకమట్టి ముద్ద వస్తుంది. ఆ తరువాత పాలిష్. పాలిషూ మైనమూ ఒకటే అనుకునేవాళ్ళను ఒకసారి తాడిపత్రికి పంపాలి. అక్కడ నాపబండను మెరిపించేటప్పుడు దాని మీద ఏదో పూసి మెరిపించరు, అరగదీసి మెరిపిస్తారు. కారు పాలిషు కూడా అంతే, రంగు పైన ఉండే పారదర్శకమైన పూతను కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. మైనం ఆ పైన కప్పుతుంది. ఆ పారదర్శకమైన పూత మందం దాదాపు 40, 50 మైక్రాన్లు, మామూలు తల వెంట్రుక దీనికంటే లావుగా ఉంటుంది. బండకు ఇంకొక అంగుళం మిగిలి ఉంటుంది, కారుకు ఉండదు. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి నేను పాలిషు మానేసి, గీతలను కేవలం వెదకడం మొదలుపెట్టాను. రాత్రిపూట టార్చిలైటు వేసుకుని తలుపు పక్కన వంగి అంగుళం అంగుళం చూస్తాను. తొలకరి పడగానే వజ్రకరూరు పొలాల్లో తలలు వంచుకుని వజ్రాలు వెదికేవాళ్ళదీ ఇదే భంగిమ. వాళ్ళకు ఎప్పుడో గాని దొరకదు. నాకు ప్రతిసారీ దొరుకుతుంది.

వజ్రం మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మైనం రెండు మూడు నెలల్లో పోతుంది, సిరామిక్ కోటింగ్ అనే గట్టి పూత వేయించుకో అని ఒక దుకాణదారు నాకు బోధించాడు. దాని గట్టిదనం 9హెచ్ అనీ, వజ్రానిది 10 కాబట్టి ఇది వజ్రానికి ఒక్క మెట్టే కింద అనీ చెప్పాడు. వజ్రం 10 అనేది ఖనిజాల కొలమానం. 9హెచ్ అనేది పెన్సిళ్ళ కొలమానం. గట్టి పెన్సిలుతో గీసినా గీత పడదని దాని అర్థం. మా కారు మీద ఇంతవరకూ ఎవరూ పెన్సిలుతో రాయలేదు. వేలితో మాత్రం రాశారు, దుమ్ములో, అదీ అక్షరదోషంతో.

నిలబెట్టే చోటు ఇంకొక సమస్య. వేడి రేకు మీద మైనం పూస్తే పూసినచోటే బిగుసుకుపోతుంది కాబట్టి నీడ కావాలి. మా ఇంటి ముందర నీడ ఇచ్చేది ఒక్క వేపచెట్టు. ఆ చెట్టు మీద కాకులు ఉంటాయి. కాకిరెట్టను ఎండలో గంటలకొద్దీ వదిలేస్తే పూతను తినేస్తుంది. కాబట్టి నా ఎదుట ఉన్నది ఎండా కాకీ అన్న రెండు దారులే. ఈ కారణాలన్నీ కలిపి ఆలోచించిన మీదట, మెరిపించిన కారుకు అన్నిటికన్నా పెద్ద శత్రువు ప్రయాణమేనని తేల్చుకున్నాను. కూరగాయలకు ఆటోలో పోతున్నాను. ధర్మవరంలో పెళ్ళికి బస్సులో పోయి వచ్చాం. కసాపురం ఆంజనేయస్వామి దగ్గర బండి పూజ చేయించినప్పుడు, సిందూరం బానెట్టు మీద కాకుండా అద్దం మీద పెట్టమని అర్చకుణ్ణి వేడుకున్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, స్వామి ఎక్కడైనా ఒకటే అన్నాడు, కానీ ఆ తరువాత అక్షింతలు మాత్రం నా కళ్ళ మీదికే వేశాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బయటికి వచ్చేసరికి బానెట్టు మీద తెల్లటి పాత చీర పరిచి ఉంది, చీర మీద వరసగా సండిగలు. అవ్వను అడిగితే, మిద్దె మీద ఎర్రదుమ్ము, వాకిట్లో ఎర్రదుమ్ము, ఇంత చక్కగా తుడిచిన చోటు మన ఇంట్లో ఇంకెక్కడుందని తిరిగి నన్నే అడిగింది. సాయంత్రానికి గలగలమని ఎండాయి. ఆ ఏడాది సండిగలు బాగా వచ్చాయని చుట్టాలందరూ అన్నారు. మైనం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

జూన్ పోయి జూలై సగమైన తరువాత ఒక సాయంత్రం వాన వచ్చింది. ముందు దుమ్ముగాలి, తరువాత నాలుగు బరువైన చినుకులు, ఆపైన పది నిమిషాలు వాన. నేను చొక్కా లేకుండానే వాకిట్లోకి పరిగెత్తాను. బానెట్టు మీద నీళ్ళు ముత్యాలై నిలిచి, ఒకదానినొకటి కలుపుకుని, జరజర కిందికి దిగిపోతున్నాయి. ఎనిమిది నెలల పూజకు ఫలం కళ్ళ ముందర జారిపోతుంటే ఇంట్లోవాళ్ళందరినీ కేకేసి పిలిచాను. ఆ సమయానికే పల్లె నుంచి మా చిన్నాయన వచ్చి స్కూటరు నిలిపాడు. శెనక్కాయ విత్తనం కొని ఇంట్లో పెట్టుకుని నెల రోజులుగా ఎదురుచూస్తున్న మనిషి. నేను ముత్యాలను చూపించాను. ఆయన వాటిని మర్యాదకు చూసి, కూర్చుని, వేపచెట్టు పాదులో వేలు గుచ్చి తీశాడు. "రెండు వేళ్ళ లోతుకు గూడా దిగలేదు రా అబ్బీ, ఇది పదును గాదు" అన్నాడు. ఇద్దరం కొంతసేపు ఆకాశం చూశాం. నాకు ఇంకొక పది నిమిషాలు చాలు, ఆయనకు ఇంకొక రాత్రంతా కావాలి. మేఘం ఎవరి లెక్కా వినకుండా వెళ్ళిపోయింది.

దుమ్ము కలిసిన వాన కాబట్టి ముత్యాలు ఆరిన చోటల్లా ఎర్రటి చుక్కలు మిగిలాయి. నేను లోపలికి పోయి రెండు బకెట్లు తెచ్చేలోగా, చిన్నాయన తీగ మీద ఆరేసిన మైక్రోఫైబర్ గుడ్డను, మెత్తగా ఉంది కదా అని, తీసుకుని స్కూటరు సీటు, చక్రాలు, చివరికి బురద పట్టిన తన చెప్పులూ తుడుచుకుని, చక్కగా మడతపెట్టి నా చేతికి ఇచ్చాడు.