శ్వాసనాళాల ఫైబ్రోబ్లాస్ట్ గారికి

అయ్యా,

ఊపిరి ఆడినంత మేరకు నమస్కారాలు.

నాకు ఆస్తమా. నిన్న మధ్యాహ్నమంతా తమరి చలవ వల్ల ఊపిరితిత్తుల పరీక్ష గదిలో గడిచింది. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం, ఎదురుగా "ఊదండి ఊదండి, ఆపొద్దు, ఇంకా ఇంకా ఇంకా" అంటూ నాకంటే ఎక్కువ ఆయాసపడే టెక్నీషియన్ అమ్మాయి. తర్వాత నాళాలు తెరిచే మందు సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట కూర్చోబెట్టి, మళ్లీ ఊదించారు. మొదటి సెకనులో వదిలిన గాలి 12 శాతం, కనీసం 200 మిల్లీలీటర్లు పెరిగితే నాళాలు తెరుచుకున్నట్టు లెక్కట. ఒకప్పుడు దర్జాగా పెరిగేది. ఈసారి పెద్దగా కదల్లేదు. డాక్టరుగారు కాగితం అటూ ఇటూ తిప్పి, "కొంత పర్మనెంట్ అయిపోయినట్టుందండీ. ఆస్తమా ఏళ్ల తరబడి ఉంటే నాళాల గోడలు మందమెక్కుతాయి" అన్నారు.

గాయాలు పూడ్చే కణం తమరు, గోడల కాంట్రాక్టు తమరిదే కదా!

ఇన్నాళ్లూ నా తిట్లన్నీ ఇయోసినోఫిల్స్ అనే, అలర్జీలో ఎగబడే తెల్ల రక్తకణాలు తిన్నాయి. దుమ్ము పురుగులు, బొద్దింకలు, వయ్యారిభామ పుప్పొడి, పక్కింటివాళ్ల అగరుబత్తి, ఎవరినీ వదల్లేదు. తమరు మాత్రం పైపొర కింద గుట్టుచప్పుడు కాకుండా కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ పేర్చుకుంటూ కూర్చున్నారు. 1989లోనే ఇంగ్లండులోని సౌతాంప్టన్ పరిశోధకులు ఆ పేర్చుడు బయటపెట్టారు. అయినా తమరి పేరు వీధిలో ఎవరికీ తెలియదు.

పైపొర దెబ్బతింటే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌తో కబురు పెడుతుంది. తమరొచ్చి మరమ్మతు చేసి వెళ్లాలి. చేతికి గాయమైతే బుద్ధిగా అంతే చేస్తారు, కాదనను. ఇక్కడ మాత్రం పగులు పూడ్చాక కూడా తాపీ వదలని మేస్త్రీలా పూత మీద పూత! మూడో రకం కొల్లాజెన్, ఐదో రకం, ఫైబ్రోనెక్టిన్, టెనాసిన్... అది చాలక మయోఫైబ్రోబ్లాస్ట్ అవతారమెత్తి కండరంలా బిగుసుకోవడం. పైగా ఇయోటాక్సిన్ అనే రసాయనం వదిలి, వెళ్లగొట్టిన ఇయోసినోఫిల్స్‌ని మళ్లీ పిలవడం.

అసలు ఒళ్లు మండిన సంగతి వేరే ఉంది. 2011లో అదే ఊరివాళ్లు ఆస్తమా ఉన్న కొందరికి మెథకోలిన్ పీల్పించి నాళాలు బిగుసుకునేలా చేశారు. ఇయోసినోఫిల్స్ పెరగలేదు. కొల్లాజెన్ పొర మాత్రం మందమెక్కింది! ముందే సాల్బుటమాల్ ఇచ్చి, ఆ తర్వాత మెథకోలిన్ పీల్పించినవాళ్లలో ఎక్కలేదు. అంటే అలర్జీ కూడా అక్కర్లేదు, నా గొట్టం బిగిస్తే చాలు, నువ్వు పనిలోకి దిగుతావు. బిగిసిన కొద్దీ మందం, మందమైన కొద్దీ ఇరుకు. నాకు ఊపిరాడకపోవడమే నీకు కూలి అన్నమాట!

అవును, ఇక 'తమరు' లేదు. బడికెళ్లే పిల్లల నాళాల్లో కూడా పెద్దవాళ్లంత మందం పేర్చావని చదివాక మర్యాద ఎక్కణ్నుంచి వస్తుంది? స్టిరాయిడ్ ఇన్‌హేలర్ చూస్తే ఇయోసినోఫిల్స్ తోక ముడుస్తాయి. నువ్వు పేర్చిన గోడ అంత తేలిగ్గా కరగదు. మృగశిర కార్తెకి నాంపల్లి వెళ్లి చేపమందు మింగమని మా మేనత్త పోరు. ఆ కొరమీను పిల్ల దిగేది అన్నవాహికలోకత్తా, వీడుండేది పక్క గొట్టంలో అంటే వినదు.

ఇన్‌హేలర్ పూట తప్పకుండా పీలుస్తాను. నాళం బిగుసుకోనివ్వను. ఇప్పటిదాకా కట్టింది ఎలాగూ కూల్చవు, ఉంచుకో. ఇంకో పూత వేశావో, చూడు!

ఇట్లు,
నీకు గోడలిచ్చి ఇరుకున పడ్డవాడు