మెరికలకు మెరుగు

తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే చురుకైన పిల్లలకు, ఉపకార వేతన పరీక్షతో ఆగిపోని ప్రత్యేక తరగతులు కావాలి. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివే పేద పిల్లల్లో చురుకైనవారిని పరీక్షతో ఎంపిక చేసి, ఇంటర్ పూర్తయ్యేదాకా ఆదుకునే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ (ఎన్‌ఎంఎంఎస్) ఉపకార వేతనాలు 2008లో మొదలయ్యాయి. నెలకు రూ.500గా ఉన్న సాయం 2017లో రూ.1,000కి పెరిగింది. తల్లిదండ్రుల వార్షికాదాయ పరిమితి కూడా రూ.1.5 లక్షల నుంచి రూ.3.5 లక్షలకు చేరింది. బడి వేళలు ముగిశాక కూర్చోబెట్టి, సెలవు రోజుల్లో సైతం పిలిపించి ఈ పరీక్షకు పిల్లల్ని తీర్చిదిద్దుతున్న ఉపాధ్యాయులు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారి శ్రమ అభినందనీయం. కానీ పరీక్ష ముగిసిన మర్నాటి నుంచి ఆ ప్రత్యేక తరగతీ ఉండదు. ఎంపికైన విద్యార్థికి ఏటా డబ్బు అందుతుంది గానీ, ఆ ఎంపికకు కారణమైన తెలివికి పదును పెట్టే ఏర్పాటు అక్కడితో ఆగిపోతోంది. ఎంపిక కానివారి సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న మూడేళ్లు చాలా విలువైనవి. ప్రైవేటు బడులు ఈ వయసును ఐఐటీ ఫౌండేషన్ పేరిట పదో తరగతి పాఠాలను ముందే వల్లె వేయించడానికి వాడుకుంటున్నాయి. ప్రభుత్వ బడులకు ఆ బాట వద్దు. బడి ఆవరణలోని జెండా కర్ర నీడను, పక్కనే నిలబెట్టిన మీటరు బద్ద నీడను కొలిచి కర్ర ఎత్తు చెప్పమంటే, ఏడో తరగతి విద్యార్థి నిష్పత్తుల పాఠంతోనే చెప్పగలడు. ఉదయం పొడవుగా పడిన నీడ, మధ్యాహ్నం కురచగా పడిన నీడ రెండూ ఒకే జవాబు ఎందుకు ఇచ్చాయని వాడు తిరిగి అడిగినప్పుడు అసలు చదువు మొదలవుతుంది. ఆ ప్రశ్న దగ్గర అరగంట ఆగే తీరిక, సిలబస్ పూర్తి చేయాల్సిన ఉపాధ్యాయునికి మామూలు పీరియడ్లో దొరకదు. అందుకే నెలకు రెండు శనివారాలైనా విడిగా కేటాయించాలని కోరుతున్నాం.

ఇందుకు ఈ ప్రాంతానికి ఉన్నంత అనుకూలత అరుదు. ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ రెండూ 2015లో తిరుపతికి వచ్చాయి. తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1,024 యాంటెనాల రాడార్, నింగిలోకి పంపిన రేడియో తరంగాల ప్రతిధ్వనితో పైగాలుల వేగాన్ని, దిశను లెక్కగడుతుంది. కంటికి కనబడని గాలిని ఎలా కొలుస్తారో అక్కడి శాస్త్రవేత్త నోట విన్న పిల్లవాడికి భౌతికశాస్త్రం ఇక పరాయిది కాదు. ఇస్రో 2019లో ఆరంభించిన యువ విజ్ఞాని శిబిరాలకు శ్రీహరికోట కూడా వేదికే అయినా, అవి తొమ్మిదో తరగతి వారికి, అదీ కొద్దిమందికే పరిమితం. అంతకు ముందు తరగతుల పిల్లలను ఈ సంస్థలకు చేర్చే బాధ్యత రెండు జిల్లాల విద్యాశాఖలు తీసుకోవాలి.

ఈ శనివారం తరగతులను రెండు జిల్లాలకూ విస్తరించడమంటే తిరుపతిలో రెండు గదులు తెరవడం కాదు. కుప్పం, వి.కోట పిల్లలకు తిరుపతి ఒక్క పూటలో వచ్చి వెళ్లే దూరం కాదు. కుప్పంలోనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నందున అక్కడే కేంద్రం నెలకొల్పవచ్చు. ఎంపికకు ఒక్క ప్రశ్నపత్రాన్నే కొలమానం చేసుకోకూడదు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు తెలుగు ప్రశ్న అర్థం కాక వెనకబడితే, అది తెలివి లేకపోవడం కాదు. ఏడాదంతా పిల్లవాణ్ణి చూసిన ఉపాధ్యాయుని మాటకు, చేతితో చేసి చూపిన పనికి కూడా మార్కులు ఉండాలి. ఆడపిల్లల విషయంలో బస్సు వేళే అసలు అడ్డంకి. చీకటి పడేలోపు ఇల్లు చేరుతుందన్న భరోసా లేకుంటే ఎంత మంచి తరగతికైనా తల్లిదండ్రులు పంపరు. కాబట్టి ప్రయాణ ఖర్చు, మధ్యాహ్న భోజనం, వెంట వచ్చే ఉపాధ్యాయునికి గౌరవ వేతనం కలిపి అంచనా వేసి, వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా రెండు జిల్లాల కలెక్టర్లు నిధులు కేటాయించాలి.